మత్తు దిగాక

"పడుకుందమ్మా. లెగనీ, మాటాడిస్తాను."

ఆ మాట అనేసి చిన్నబ్బాయి బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం ముందు బొలెరో గుర్రుమంటోంది. డ్రైవరు కామేష్ వెనక సీట్లో రెండు తలగడలు సర్దుతున్నాడు, పాపాయమ్మ కాలు చాపుకోడానికి.

పాపాయమ్మ అప్పటికి గడప దాకా వచ్చింది. ఒక చెయ్యి కర్ర మీద, రెండో చెయ్యి కోడలు సస్మిత భుజం మీద. అడుగేసినప్పుడల్లా ఎడమ మోకాల్లోంచి టక్కుమని చప్పుడు. కొడుకు మాట వినగానే ఆ చప్పుడు ఆగిపోయింది.

"ఏటన్నావు?"

"లిప్సా పడుకుందన్నాను."

"ఇంత పొద్దెక్కినాకా?"

"సెలవులు కదే. కొరాపుట్‌లో అమ్మమ్మింటికాడ దాన్ని లేపీవోళ్లెవులు?"

పాపాయమ్మ కోడలి భుజం మీంచి చెయ్యి తీసేసింది. గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, ఎడమ కాలు కర్రలా ముందుకు చాచింది.

"నాన్రాను."

"అమ్మా! సాయంత్రంలోగా విశాఖలో జాయినవ్వాల. రేపు పొద్దున్నే ఆపరేషను. ఎంత బతిమాలితే ఇచ్చేరు ఆ డేటు!"

"నాన్రానన్నాను."

రాయగడ మున్సిపాలిటీలో జీవితమంతా వీధులూడ్చి రిటైరైన మనిషి. ఆవిడ ఒక్కసారి రానంటే మేస్త్రీలు కూడా రెండోసారి పిలిచేవారు కారు.

పదహారేళ్ల కిందట వేసిన కీలు అది. కిందటి వారం కుళాయి దగ్గర కాలు మడతబడి పడిపోయినప్పుడు ఎక్స్‌రే తీస్తే సంగతి తెలిసింది. లోహపు ముక్కల మధ్య ఉండే ప్లాస్టిక్ బిళ్ల అరిగిపోయింది. ఆ పొడి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తోంది. కింది కడ్డీ ఊగులాడుతోంది. పాతది పెకలించి కొత్తది బిగించాలి. ఆలస్యం చేస్తే బిగించడానికి ఎముకే మిగలదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆవిడ అప్పుడు ఎదురు చెప్పలేదు. నిన్న రాత్రి కూడా తన చీరలు తనే మడత పెట్టుకుంది. ఈ పొద్దున్న లేచిన దగ్గర్నుంచే ఒకటే పాట, మనవరాలు లిప్సాతో మాట్లాడించమని.

"తెల్లారగట్ల కునుకు పట్టింది నాకు," అంది పాపాయమ్మ ఎవరి వంకా చూడకుండా. "ఎవులో మోకాలు మీద సెయ్యేసేరు. సిన్న సెయ్యి. ఏడిగా ఉంది. నొప్పుందా అన్నాది. కళ్లు తెరిస్తే ఎవులూ నేరు."

"కలమ్మా అది."

"ఆరోజు కూడా కలే అన్నావు. ఆరోజు కూడా ఇదే మాట సెప్పేవురా నువ్వు. పడుకుందమ్మా, లెగనీ, మాటాడిస్తాను. రోజూ ఫోన్లో సెప్పేవు. నా కుట్లు ఇప్పేదాకా సెప్పేవు."

చిన్నబ్బాయి బ్యాగు కింద పెట్టేశాడు.

ఎవరూ చెప్పకుండానే కామేష్ ఇంజను ఆపేశాడు.

*

బుల్లి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. చిన్నబ్బాయి చెల్లెలు. పదిహేడేళ్ల పిల్ల. తల్లి విశాఖ ఆసుపత్రిలో మోకాలు కోయించుకుంటున్న రోజునే ఇక్కడ రాయగడలో మలేరియా మెదడుకెక్కి చనిపోయింది. తల్లికి తెలియనివ్వలేదు. కట్టు విప్పి, కుట్లు విప్పి, ఇంటికి తెచ్చి, మంచం మీద కూర్చోబెట్టాక చెప్పారు. అప్పటికి అన్నీ అయిపోయాయి.

సస్మిత ఈ ఇంటికి ఆ తరవాత వచ్చింది. కొరాపుట్ ఒడియా పిల్ల. తెలుగు ఈ ఇంట్లోనే నేర్చుకుంది. తను ఎన్నడూ చూడని ఆడపడుచు గురించి ఆమెకి తెలిసిందల్లా ఒకటే. ఆ పేరు వస్తే మామయ్య లేచి బయటికి వెళ్లిపోతాడు.

ఇప్పుడూ మామయ్య మల్లేశు లేవబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, అరుగు మీదే ఉండిపోయాడు.

సస్మిత వంటింట్లోకి నడిచింది. వెనకే చిన్నబ్బాయి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మొకం అలాగ పెట్టుకుంటే అమ్మ కనిపెట్టెయ్యదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంకెలా పెట్టుకోను? నా కూతురికి జొరం. రాత్రినుంచి ఒళ్లు కాలిపోతోందని మా అమ్మ ఏడుస్తోంది. వణుకుతోందట. నువ్వేమో పడుకుందంటావు."

"ఆసుపత్రి తెరవగానే తీసుకెళ్తానంది కదా మీ అమ్మ. రక్తం సూస్తారు. మందిస్తారు. ఇది ఆ రోజులు కాదు."

"అయితే అత్తకి ఆ మాటే చెప్పు."

"సెప్తే ఎక్కుతాదా బండి? సెప్పు, ఎక్కుతాదా?"

సస్మిత ఫోను గుప్పిట్లో బిగించింది.

"మళ్లీ ఒక్కసారి పడితే ఆ కాలు అయిపోయినట్టే. మంచానికే అంటుకుపోతాది. నాను సూడ్నేను." చిన్నబ్బాయి గట్టు మీద రెండు చేతులూ ఆనించి వంగి నిలబడ్డాడు. "నాకు ఇరవయ్యేళ్లు అప్పుడు. నానే ఉన్నాను బుల్లి దగ్గిర. అయ్య అక్కడ, అమ్మ అక్కడ. ఆటోలో నా ఒళ్లోనే... డాక్టర్లు సెప్పొద్దన్నారు. పచ్చి కుట్లు, లేచి పరిగెడతాది, కాలు పోతాదన్నారు. రోజూ ఫోను సెయ్యాల, రోజూ అదే మాట సెప్పాల. నువ్వైతే ఏటి సేసీదానివి?"

"నాకు తెల్దు," అంది సస్మిత. "కానీ నేను కొరాపుట్ వెళ్తాను."

"నువ్వెళ్తే అక్కడ అమ్మని ఎవులు సూస్తారు? నాను స్నానం సేయించగలనా?"

సస్మిత చేతిలో ఫోను చెమటకి జారుతోంది. తలుపు సందులోంచి అత్తగారి గొంతు వినపడింది. కోపం లేదు అందులో. అందుకే ఇద్దరూ చెవి అటు పెట్టారు.

*

"గుండు సేయించుకొచ్చేవు నువ్వు," అంటోంది పాపాయమ్మ.

మల్లేశు అరుగు మీదనుంచి కదల్లేదు. మున్సిపాలిటీ నీళ్ల గొట్టాలు బిగించి బిగించి వంకర్లు తిరిగిన వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి కూర్చున్నాడు.

"ఏటయ్యా ఈ గుండు అనడిగితే, సింహాచలం ఎళ్లొచ్చేను, నీ కాలు బాగవ్వాలని మొక్కుకున్నాను అన్నావు. గేపకముందా?"

"ఉంది."

"వార్డులో ఉన్నోళ్లందరికీ సెప్పుకున్నాను. నా కాలు కోసం మా ఆయన తలనీలాలిచ్చేడని. ఆ నర్సమ్మ కూడా మురిసిపోయింది. నాను నవ్వుతున్నాను. నువ్వు నా పక్కన కూకుని కమలాపండు వొలిసి తొనలిస్తన్నావు. నా బిడ్డకి కొరివెట్టిన సేత్తో."

"మరేటి సెయ్యను పాపాయీ."

"తిన్నాను నాను. అన్ని తొనలూ తిన్నాను."

వీధిలో కూరగాయల బండివాడు ఒడియాలో కేకేసుకుంటూ వచ్చాడు. ఈ ఇంటి ముందు గొంతు తగ్గించి దాటిపోయాడు.

"ఆ సాయంత్రం నాకు మత్తు దిగతన్నాది," అంది పాపాయమ్మ. "బుల్లి వచ్చింది. మంచం పక్కన నిలబడి కట్టు మీద సెయ్యేసింది. నొప్పుందా అమ్మా అన్నాది. నీకు సెప్పేను, బుల్లి వచ్చిందయ్యా, ఎవుల్తో వచ్చింది, కూకోమను అని. నువ్వు బయటికెళ్లిపోయేవు."

"అప్పుడే ఫోనొచ్చింది," అన్నాడు మల్లేశు. "నువ్వు ఆ మాట అనీముందే వచ్చింది. నీకు ఎలాగ సెప్పాలా అని లోపలికొచ్చేను. నువ్వు బుల్లొచ్చిందన్నావు. ఇంకేటి సెప్పను?"

పాపాయమ్మ ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఈ మాట ఆయన నోట విన్నది ఇదే మొదటిసారి.

"మొకం ఎలాగుంది?"

"ఎవుల మొకం?"

"తెల్దా నీకు ఎవుల మొకమో. నాను సూడనేదు. మీరందరూ సూసేరు. నాను ఒక్కదాన్నీ సూడనేదు."

మల్లేశు చేతులు విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "పక్కింటి వరహాలమ్మ తల దువ్వేసింది నానెళ్లీసరికి. రెండు జడలేసింది, ఇస్కూలు పిల్లకేసినట్టు. మన బుల్లి ఒక జడే ఏసుకుంటాది అన్నాను. ఎవులూ ఇనిపించుకోనేదు. జడలిప్పమన్నాను. టైము లేదన్నారు."

"రిబ్బన్లేసేరా?"

"ఏసేరు."

"ఏం రంగు?"

"గేపకం నేదే."

"గేపకం తెచ్చుకో."

"నీలమనుకుంటాను."

"అనుకోడం కాదయ్యా."

మల్లేశు కళ్లు మూసుకున్నాడు. "ఎరుపు. ఎర్రవే. ఒకటి ఊడిపోయింది దారిలో. నానే ముడేసేను."

పాపాయమ్మ తల ఊపింది. కళ్లలో నీళ్లు లేవు. ఆమె ముందు ఆ జడలు ఉన్నట్టే చూస్తోంది.

"కోతంటే నాకు బయం నేదు," అంది కొంతసేపటికి. "రెండుసార్లు కొయ్యనీ, పదిసార్లు కొయ్యనీ. లెగడమే బయం. లెగిసీసరికి ఇంట్లో ఎవులుంటారో, ఎవులు ఉండరో. మీరంతా నవ్వుమొకాలు పెట్టుకుని వార్డుకొస్తారు. నాను ఆ నవ్వులు సూసి మురిసిపోతాను. ఆ బయం. దానికి మందుందా మీ డాక్టరు దగ్గిర?"

సస్మిత తలుపు తోసింది. చిన్నబ్బాయి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. ఆమె విడిపించుకుని వచ్చేసింది.

"అత్తా. లిప్సాకి జొరం."

"సస్మితా!" అరిచాడు చిన్నబ్బాయి.

"రాత్రినుంచి ఉంది. వణుకు కూడా ఉంది. మా అమ్మ ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తోంది. ఏం జొరమో ఇంకా తెలీదు. తెలిసినంత వరకూ చెప్పేశాను. ఇంకేం దాచలేదు."

చిన్నబ్బాయి రెండు చేతులతో తల పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అయిపోయింది, ఇంక అమ్మ ఈ కుర్చీలోంచి లేవదు అనుకున్నాడు. మల్లేశు కూడా అలాగే అనుకుని కళ్లు దించుకున్నాడు.

పాపాయమ్మ కోడలినే చూస్తోంది.

"మాటాడతన్నాదా?"

"మాట్లాడుతోంది అత్తా."

"కళ్లు తేలేస్తన్నాదా? ఎవుల్నైనా గుర్తుపట్టడం నేదా?"

"లేదు, లేదు. అందర్నీ గుర్తుపడుతోంది. అన్నం వద్దందట. మామ్మ ఆపరేషనుకి బయల్దేరిందా అని అడిగిందట."

"పడుకోనేదు కదా?"

"లేదత్తా. రాత్రంతా పడుకోనే లేదు."

"పడుకోనేదు," అంది పాపాయమ్మ. ఆ ఒక్క మాటకీ ఆవిడ భుజాలు కిందికి దిగాయి. అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. కొంగుతో తుడుచుకుని, కర్ర కోసం చెయ్యి చాపింది.

"నువ్వెళ్లమ్మీ. కొరాపుట్ బస్సెక్కెయ్. బస్‌స్టాండు దాకా బండిలోనే దించీమను."

"నువ్వో?" అన్నాడు చిన్నబ్బాయి.

"నాను ఇశాపట్నం ఎళ్తాను."

"అమ్మా! మరి నిన్నెవులు..."

"మీ మేనత్త కూతురు మనీషని ఆసుపత్రికి రమ్మను. అప్పుడు వాళ్లమ్మ సేసింది, ఇప్పుడు ఇది సేస్తాది. బిడ్డకి జొరమొస్తే తల్లిని ఆపుతావేటిరా? నన్ను ఆపేరు సాలదా?"

చిన్నబ్బాయి తల దించుకున్నాడు.

కర్ర టక్కుమంది. మోకాలు టక్కుమంది. గడప దాటి రెండో అడుగు వేస్తూ పాపాయమ్మ కోడలి చెవి దగ్గర వంగింది. మాట మాత్రం అందరికీ వినపడేలాగే అంది.

"రక్తం సూసినాక ఫోను సెయ్యి. మీ ఆయనకి సెయ్యకు. మీ మావయ్యకి సెయ్యి."

*

సస్మిత బస్‌స్టాండులో దిగిపోయింది. సెమిలిగుడ మీదుగా కొరాపుట్ వెళ్లే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మెట్టు మీద నిలబడి ఒకసారి చెయ్యి ఊపబోయి ఊపలేకపోయింది.

బొలెరో పార్వతీపురం రోడ్డు పట్టింది. ముందు సీట్లో చిన్నబ్బాయి. వెనక తలగడల మీద కాలు చాపుకుని పాపాయమ్మ. ఆవిడ పాదాల దగ్గర ఇరుక్కుని మల్లేశు. ఆయన చొక్కా జేబులో ఫోను.

గోతి వచ్చినప్పుడల్లా మోకాల్లో కడ్డీ కదిలి పాపాయమ్మ పళ్లు బిగిస్తోంది. కామేష్ మెల్లిగా పోనిస్తున్నాడు. రోడ్డు పక్కన నాగావళి కాసేపు కనపడుతుంది, కాసేపు కొండ అడ్డం వస్తుంది.

మల్లేశు మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు. ఆయనకి ఫోనంటే ఇష్టం లేదు. ఇంట్లో మోగితే ఎవరో ఒకరు ఎత్తాలి, తను మాత్రం ఎత్తడు. పదహారేళ్లుగా అంతే.

కోమట్లపేట దాటాక మోగింది.

రెండుసార్లు మోగనిచ్చి ఎత్తాడు. "ఊ... ఊ... ఎక్కడున్నావు... ఊ." ఆ తరవాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు. "సరేనమ్మా," అని పెట్టేశాడు.

చిన్నబ్బాయి అద్దంలోంచి తండ్రి మొహం చూశాడు. ఒక్క చూపుతో అర్థమైపోయింది. పెదవి కదపకుండా తల అడ్డంగా ఊపాడు. వద్దు. ఇప్పుడొద్దు.

మల్లేశు ఆ తల ఊపడం చూశాడు. భార్య కాలి వైపు చూశాడు. నొప్పికి బిగుసుకున్న ఆ కాలి వేళ్లు ఆయన తొడకి తగులుతున్నాయి. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"మలేరియాయే," అన్నాడు.

పాపాయమ్మ రెప్ప వెయ్యలేదు.

"ఏ రకం?"

"అయ్యా!" అన్నాడు చిన్నబ్బాయి ముందు సీట్లోంచి.

"అదే రకం. బుల్లికొచ్చిందే." మల్లేశు ఒక్కొక్క మాటా బరువు దించినట్టు దించుతున్నాడు. "రక్తం సుక్క తీసి అక్కడికక్కడే సూసేరట. మందు మొదలెట్టేసేరట. పంపించరట, ఆసుపత్రిలోనే ఉంచుకుంటారట. తెలివిగానే ఉందట. సస్మిత ఇంకా బస్సులోనే ఉంది. వాళ్లమ్మ సెప్పింది దానికి. అది నాకు సెప్పింది. అంతే. ఇంకేటీ నేదు. ఇంతే సెప్పింది."

కామేష్ బండి వేగం తగ్గించి పక్కకి తీశాడు. వెనక్కి తిప్పాలనుకున్నాడు.

"ఎందుకాపేవు బాబూ?" అంది పాపాయమ్మ.

కామేష్ చిన్నబ్బాయి వైపు చూశాడు. చిన్నబ్బాయి తల్లి వైపు తిరిగాడు. ఆవిడ రెండు చేతుల్తో ఎడమ మోకాలు పట్టుకుని ఉంది. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"పోనీ."

బండి మళ్లీ కదిలింది.

"ఇటు సూడయ్యా," అంది భర్తతో. "రేపు నాకు మత్తు దిగినాక ముందు నువ్వే రా. ఆడు కాదు, మనీష కాదు, నువ్వు. నవ్వక్కరలేదు. పళ్లూ తేవద్దు. లిప్సా ఎలాగుందో నీ నోటితో సెప్పు. బాగుందంటే బాగుందని. నేదంటే..."

మల్లేశు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"సెప్తావా?"

ఆయన తిరగలేదు.

"నేదంటే నేదని సెప్పాల. కుట్లు పచ్చిగున్నా సెప్పాల. సెప్తావా నువ్వు?"

మల్లేశు నోరు తెరిచాడు. అప్పుడే, ఫోను పెట్టి పది నిమిషాలైనా కాకముందే, ఆయన చేతిలో మళ్లీ మోగడం మొదలెట్టింది. సస్మితే.

చిన్నబ్బాయి సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. "అయ్యా, ఇటియ్యి."

మల్లేశు ఇవ్వలేదు. ఎత్తనూ లేదు. ఆయన బొటనవేలు తెర మీద ఆగిపోయింది.

"ఎత్తు," అంది పాపాయమ్మ.